ఓర్లాండో థీమ్ పార్క్ ట్రిప్: పెరిగిన ఖర్చును తట్టుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలతో అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండోకి, అంటే అక్కడి డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులకు వెళ్దామని అనుకున్న ప్రతి ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "ఎంతవుతుంది?", లెక్క వేశాక వచ్చేది "ఇంతెందుకవుతోంది?". రెండింటికీ ఇక్కడ జవాబులున్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎప్పుడు వెళ్తున్నాం, ఎన్ని రోజులు పార్కులో గడుపుతున్నాం, ఈ రెండూ సరిగ్గా తేల్చుకుంటే బడ్జెట్ చాలావరకు దారిలో పడుతుంది, కూపన్ల వేట ఆ తర్వాతి సంగతి. కింద రాసిన ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు పార్కు సొంత సైట్‌లో ఒకసారి చూసుకోండి.

నిజంగా అంత పెరిగాయా, మనకే అలా అనిపిస్తోందా?

నిజంగానే పెరిగాయి. వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరిచినప్పుడు పెద్దవాళ్ల ప్రవేశ టికెట్ 3.50 డాలర్లు. అయితే ఈ అంకె చూపించి గుండెలు బాదుకునేవాళ్లు ఒక విషయం వదిలేస్తారు: అప్పట్లో ఆ టికెట్‌తో లోపలికి మాత్రమే వెళ్లొచ్చు, రైడ్లకు విడిగా కూపన్లు కొనాలి. అన్ని రైడ్లూ ఒకే టికెట్‌లో కలిసింది 1982లో. అందుకే నేరుగా పోల్చడం న్యాయం కాదు. కానీ దగ్గరి సంవత్సరాలు చూసినా కథ అదే. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్డమ్ పార్కులో ఒకరోజు టికెట్ 2015 ఫిబ్రవరిలో 105 డాలర్లయి మొదటిసారి వంద దాటింది. 2022 డిసెంబరులో రద్దీ రోజుల్లో 189కి చేరింది, 2025 క్రిస్మస్ వారానికి 199. వీటిమీద 6.5 శాతం సేల్స్ ట్యాక్స్ వేరే.

టికెట్ ఒక్కటే కదా, మిగతా ఖర్చు ఎక్కడ పెరిగింది?

ఒకప్పుడు టికెట్‌తోనో హోటల్ గదితోనో ఊరికే వచ్చినవి చాలావరకు పోయాయి, అసలు నొప్పి అక్కడే. రైడ్ల దగ్గర క్యూ తగ్గించే ఫాస్ట్‌పాస్ 1999లో మొదలైంది, అది ఉచితం. 2021 అక్టోబరులో దాని స్థానంలో వచ్చిన జీనీ ప్లస్‌కి డబ్బు కట్టాలి, 2024 జులై నుంచి దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. డిస్నీ హోటల్లో దిగినవాళ్లను ఎయిర్‌పోర్ట్ నుంచి ఉచితంగా తీసుకెళ్లే మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సు 2022 మొదట్లో ఆగిపోయింది, అంతకు ముందే ఉచిత మ్యాజిక్‌బ్యాండ్లు (టికెట్‌లా పనిచేసే చేతి పట్టీలు) ఆపేశారు. వెనక్కి ఇచ్చింది కూడా ఒకటుంది, 2023 జనవరి నుంచి డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకు రాత్రి పార్కింగ్ చార్జీ లేదు. ఈ చిన్న చిన్న మార్పులన్నీ నలుగురున్న ఇంటికి కలిపి చూడండి, టికెట్ పెరిగినదానికంటే ఇవే ఎక్కువ బరువుగా తోస్తాయి.

ఇక తగ్గుతాయేమో, కొన్నాళ్లు ఆగొచ్చా?

ధర తగ్గుతుందని ఆగకండి. 2023 సెప్టెంబరులో డిస్నీ తన పార్కులు, క్రూయిజ్‌ల మీద పదేళ్లలో 6,000 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది, అంత పెట్టుబడి పెట్టేవాళ్లు టికెట్ తగ్గిస్తారని నేను అనుకోను. పిల్లవాడు ఇంకాస్త పొడుగై పెద్ద రైడ్లు ఎక్కగలడని ఆగితే మాత్రం అది మంచి కారణమే.

ఏ రోజుల్లో వెళ్తే తక్కువవుతుంది?

ఈ ప్రశ్నకే ఎక్కువ సమయం పెట్టండి. 2016 ఫిబ్రవరి నుంచి డిస్నీలో ఒకరోజు టికెట్ ధర రద్దీని బట్టి మారుతోంది, 2018 అక్టోబరు నుంచి డిస్నీ వరల్డ్‌లో ఏ తేదీకి ఆ తేదీ ధర. అంటే అదే గేటు, అవే రైడ్లు, తేదీ మారితే బిల్లు మారుతుంది. హోటల్ ధర కూడా దాదాపు అదే దారిలో నడుస్తుంది, కాబట్టి తేదీ జరిపితే రెండు చోట్లా లాభం.

మామూలుగా తక్కువ పడేవి ఆగస్టు చివరి వారాల నుంచి సెప్టెంబరు, ఆ తర్వాత జనవరి రెండో సగం, ఫిబ్రవరి మొదటి రోజులు. వీటి మధ్యలో కూడా గుంతలున్నాయి: జనవరి మొదట్లో డిస్నీ మారథాన్ వారాంతం, జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. ఆ లాంగ్ వీకెండ్‌లు వదిలేయండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, నవంబరులో థాంక్స్‌గివింగ్ వారం, మార్చి ఏప్రిల్‌లలో స్ప్రింగ్ బ్రేక్, ఇవి అన్నిటికంటే ఖరీదైనవి, పైగా క్యూలు కూడా అప్పుడే పొడుగు, అంటే ఎక్కువ కట్టి తక్కువ రైడ్లు ఎక్కుతారు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆగస్టు నుంచి అక్టోబరు చివరిదాకా కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్డమ్‌లో హాలోవీన్ పార్టీ ఉంటుంది, దానికి టికెట్ వేరే. ఆ రోజు మామూలు టికెట్‌వాళ్లు సాయంత్రం 6కి బయటికి రావాలి. రాత్రి ఫైర్‌వర్క్స్ పోతాయని చాలామంది ఆ రోజు మానేస్తారు, అందుకే పగలు క్యూలు తగ్గుతాయి. రాత్రి ఎనిమిదికే నిద్రపోయే పిల్లలున్నవాళ్లకు అది చక్కటి రోజు.

దానికోసం స్కూల్ మాన్పించొచ్చా?

చిన్న క్లాసుల్లో రెండు మూడు రోజులైతే మాన్పించొచ్చని నా అభిప్రాయం, టీచర్‌కి ముందే చెప్పి. హైస్కూల్ పిల్లలకు వద్దు. పోయిన పాఠాలు, పరీక్షల టెన్షన్ ట్రిప్ మొత్తం వెంటే ఉంటాయి.

ఎన్ని రోజుల టికెట్ కొనాలి?

టికెట్ పేజీలో రోజులు పెంచేకొద్దీ రోజుకి పడే సగటు ధర తగ్గుతూ కనిపిస్తుంది. మూడు రోజులు అనుకున్నవాళ్లు "ఇంకొంచెం వేస్తే ఐదు రోజులు వస్తున్నాయి కదా" అని ఐదు కొంటారు. ఆ అదనపు రోజు టికెట్ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుకి హోటల్ గది, మూడు పూటల తిండి, పార్కింగ్, దాహమైతే డ్రింకులు, పిల్లలు బొమ్మల షాపు ముందు ఆగడం, ఇవన్నీ ఉన్నాయి. టికెట్‌లో మిగిలిందనుకున్నది అక్కడ పోతుంది. ఒక పార్కు రోజు తగ్గిస్తే ఈ వరుస మొత్తం తగ్గుతుంది. ఇంత తగ్గింపు ఇచ్చే కూపన్ నాకు ఎక్కడా కనిపించలేదు.

డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్డమ్, 1982లో తెరిచిన ఎప్కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్డమ్. నాలుగూ చూడాలన్న నియమం ఎక్కడా లేదు. ఐదారేళ్ల పిల్లలకు మ్యాజిక్ కింగ్డమ్ రెండు రోజులు, యానిమల్ కింగ్డమ్ ఒకరోజు సరిపోతుంది. టీనేజ్ పిల్లలకు లెక్క వేరు, వాళ్లను కూర్చోబెట్టి "తప్పకుండా ఎక్కాల్సిన ఐదు రైడ్లు చెప్పండి" అని అడగండి, ఏ పార్కు అక్కర్లేదో ఆ జాబితాలోనే తెలిసిపోతుంది. మధ్యలో ఒకరోజు పార్కు లేకుండా ఉంచుకోండి. టికెట్ వాడుకోవడానికి కొద్ది రోజుల వ్యవధి ఇస్తారు కాబట్టి అది కుదురుతుంది. ఫ్లోరిడా ఎండలో వరసగా మూడు రోజులు తిరిగిన పిల్లలు నాలుగో రోజు గేటు దగ్గరే ఏడుపు మొదలుపెడతారు.

పార్క్ హాపర్ తీసుకోవాలా?

ఒకే రోజు ఒకటికి మించి పార్కులకు వెళ్లనిచ్చే టికెట్ ఇది, మొదటిసారి వెళ్లేవాళ్లకు వద్దు. ఒక పార్కు నుంచి ఇంకోదానికి మారడానికే గంట పోతుంది, చిన్నపిల్లలతో అంతకంటే ఎక్కువ.

లైట్నింగ్ లేన్ కొనకుండా రోజు గడుస్తుందా?

గడుస్తుంది, మామూలు రోజుల్లో అయితే. దీని ధర తేదీని బట్టి, పార్కును బట్టి మారుతుంది. జీనీ ప్లస్‌గా మొదలైనప్పుడు మనిషికి 15 డాలర్లు, 2023 క్రిస్మస్ వేళకి మ్యాజిక్ కింగ్డమ్‌లో 39కి చేరింది. నలుగురికి ఆ ధరకి లెక్క వేస్తే ఒక్క రోజుకి 150 డాలర్ల పైన. బాగా గిరాకీ ఉన్న రైడ్లు కొన్ని ఇందులో రావు, వాటికి విడిగా సింగిల్ పాస్ కొనాలి. మూడేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు.

దీనికి బదులు చేయాల్సింది పొద్దున్నే లేవడం. పార్కు తెరిచిన మొదటి గంటలో, ముందే రెండు మూడు పెద్ద రైడ్లు అనుకుని వెళ్తే, మధ్యాహ్నం గంటన్నర పట్టే క్యూ అప్పుడు చాలా చిన్నదిగా ఉంటుంది. డిస్నీ హోటల్లో దిగినవాళ్లను అరగంట ముందే లోపలికి పంపిస్తారు. మధ్యాహ్నం గదికి వెళ్లి పిల్లలను పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ రండి. విడివిడిగా కూర్చోవడానికి ఇబ్బంది లేని పెద్ద పిల్లలుంటే కొన్ని రైడ్లకు సింగిల్ రైడర్ క్యూ ఉంటుంది, అది ఊరికే.

నేనైతే ఒకే సందర్భంలో కొనమంటాను: సెలవుల రద్దీలో వెళ్లక తప్పడం లేదు, మ్యాజిక్ కింగ్డమ్‌కి ఒక్కటే రోజు ఉంది. అప్పుడు ఆ ఒక్క రోజుకి కొనండి, మిగతా పార్కులకు వద్దు. డిస్నీ హోటల్లో ఉంటే ఏడు రోజుల ముందు, బయట ఉంటే మూడు రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది.

హోటల్ లోపల తీసుకోవాలా, బయటా?

గది అద్దె ఒక్కటే చూస్తే డిస్నీ బయట కిస్సిమీ ఊరివైపు, ఇంటర్నేషనల్ డ్రైవ్ రోడ్డు వైపు చాలా తక్కువకి దొరుకుతాయి. కానీ పక్కపక్కన పెట్టాల్సింది మొత్తం బిల్లు. బయట ఉంటే రోజూ పార్కు పార్కింగ్ చార్జీ, అద్దె కారు, టోల్ రోడ్లు, ఆరెంజ్ కౌంటీలో గదిమీద 12.5 శాతం పన్ను, చాలా హోటళ్లలో రిసార్ట్ ఫీజు. ఒక మంచి మార్పు ఏంటంటే 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం హోటళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలి, కాబట్టి చివరి పేజీలో రిసార్ట్ ఫీజు ఊడిపడదు. పన్ను మాత్రం తర్వాత కలుపుతారు.

డిస్నీ హోటల్లో పార్కు పార్కింగ్ ఉచితం, బస్సులు ఉచితం. విమానంలో వచ్చి కారు అద్దెకు తీసుకోని చిన్న కుటుంబానికి డిస్నీ వాల్యూ హోటళ్లు (వాళ్ల తక్కువ ధర హోటళ్లు) చాలాసార్లు గిట్టుబాటవుతాయి. సొంత కారులో వచ్చే ఐదారుగురికి బయట వంటగది ఉన్న ఇల్లో సూటో మేలు. హోటల్ షటిల్ ఉందని చూసి బుక్ చేసేవాళ్లు ఒకటి అడగాలి, అది రోజుకి ఎన్నిసార్లు తిరుగుతుంది, రాత్రి చివరిది ఎన్నింటికి? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తిరిగే షటిల్‌ని నమ్ముకుంటే మధ్యాహ్నం పిల్లవాడు అలిసిపోయినప్పుడు క్యాబ్‌కి కట్టాలి.

తిండి ఖర్చు ఎలా తగ్గించాలి?

బయటి ఆహారం డిస్నీ పార్కుల్లోకి తీసుకెళ్లొచ్చు, ఈ మాట తెలియక ఎంతమంది ఊరికే ఖర్చు పెడుతున్నారో. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు ముక్కలు మాత్రం కుదరవు. కౌంటర్ దగ్గర డ్రింకులు ఇచ్చే క్విక్ సర్వీస్ చోట అడిగితే కప్పులో ఐస్ వాటర్ ఉచితంగా ఇస్తారు, నీళ్ల సీసాలు కొననే వద్దు. పొద్దున గదిలో తినేసి, స్నాక్స్ బ్యాగులో పెట్టుకుని, రోజుకి ఒక్క పూట లోపల కొనుక్కుంటే చాలు. ఆ ఒక్క పూట హాయిగా తినండి, అక్కడ కూడా పిసినారితనం చేస్తే సెలవులా ఉండదు.

హోటల్లో అమ్మే రీఫిల్ మగ్గు పార్కుల్లో పనిచేయదు, హోటళ్లలోనే. పార్కులో రోజంతా గడిపేవాళ్లకు అది దండగ. క్యారెక్టర్లతో భోజనం చాలా ఖరీదు, అవే క్యారెక్టర్లు పార్కులో క్యూలో నిలబడితే ఉచితంగా కలుస్తాయి. ఫొటోల సంగతీ అంతే, అక్కడి ఫొటోగ్రాఫర్‌కి మీ ఫోన్ ఇచ్చి అడిగితే దాంతో కూడా తీస్తారు.

చిన్నపిల్లలకు టికెట్ ఎప్పటినుంచి?

మూడేళ్లు నిండేదాకా లేదు. 3 నుంచి 9 ఏళ్లదాకా పిల్లల టికెట్, పది వస్తే పెద్దవాళ్ల టికెట్. పిల్లల టికెట్ పెద్దవాళ్లదానికంటే కొంచెమే తక్కువ, సగం ధర అనుకుని బడ్జెట్ వేసుకోవద్దు. ఎత్తు చాలక పిల్లవాడు ఎక్కలేని రైడ్ల దగ్గర రైడర్ స్విచ్ అడగండి. అమ్మా నాన్నల్లో ఒకరు పిల్లవాడితో ఉంటే, ఇంకొకరు దిగాక వాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడకుండా ఎక్కొచ్చు, దీనికి డబ్బు లేదు.

స్ట్రోలర్ ఇంటినుంచే తీసుకెళ్లండి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, బండిలా లాగే వ్యాగన్లు లోపలికి రానివ్వరు. ఐదేళ్ల పిల్లవాడికి ఇంట్లో స్ట్రోలర్ మానేసినా ఇక్కడ అవసరం పడుతుంది, నడక అంత ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నం వానలు మామూలే, రెయిన్‌కోట్లు కూడా ఇంటినుంచే.

అమ్మమ్మ తాతయ్యలకు సీనియర్ డిస్కౌంట్ ఉందా?

డిస్నీ వరల్డ్ టికెట్లకు మామూలుగా లేదు. వాళ్లకు ప్రతిరోజూ కొనక్కర్లేదు కూడా. మనవడితో ఒకరోజు మ్యాజిక్ కింగ్డమ్‌కి రావడం వాళ్లకు ఇష్టమేమో, ఎండలో నాలుగు రోజులు నడవడం ఇష్టం కాకపోవచ్చు. మొహమాటానికి సరే అంటారు, కాబట్టి విడిగా నెమ్మదిగా అడగండి.

తక్కువ ధరకి టికెట్లు అమ్ముతామనేవాళ్లను నమ్మొచ్చా?

అండర్‌కవర్ టూరిస్ట్ లాంటి అధీకృత అమ్మకందార్ల దగ్గర కొద్దిగా తక్కువకి దొరుకుతాయి, అవి అసలైనవే. ఎవరో సగం వాడిన మల్టీ డే టికెట్‌ని ఆన్‌లైన్‌లోనో రోడ్డు పక్కనో అమ్మితే మాత్రం ముట్టుకోకండి. టికెట్ ఒకరి పేరుమీద, వేలి స్కాన్‌తో ముడిపడి ఉంటుంది, గేటు దగ్గర ఆపేస్తారు. అలా తిరిగి అమ్మడం ఫ్లోరిడా చట్టం ప్రకారం నేరం కూడా.

"రెండు గంటలు మా ప్రెజెంటేషన్ వింటే టికెట్లు దాదాపు ఉచితం" అనేది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు పేరుతో రిసార్ట్‌లో వాటా అంటగట్టడం. రెండు గంటలు అన్నది సగం రోజవుతుంది, గట్టిగా కాదనలేనివాళ్లు ఏళ్ల తరబడి కట్టాల్సిన దానిమీద సంతకం పెట్టి వస్తారు. వెళ్లకండి.

నిజంగా పనికొచ్చేది గిఫ్ట్ కార్డుల దారి. టార్గెట్ అనే స్టోర్ల సొంత కార్డుతో డిస్నీ గిఫ్ట్ కార్డులు కొంటే 5 శాతం తగ్గుతుంది, వాటితో టికెట్లు, హోటల్, తిండి అన్నీ కట్టొచ్చు. నెలనెలా కొంచెం కొని పెట్టుకుంటే అదే పొదుపు అవుతుంది, డిస్నీలో తప్ప ఇంకెక్కడా ఖర్చుకాదు కూడా.

యూనివర్సల్ చవకా?

పిల్లల వయసు పదీ పన్నెండు దాటితే డిస్నీ బదులు యూనివర్సల్ ఒక్కటే చూసి రావడం మంచి ఆలోచన. రెండూ ఒకే ట్రిప్‌లో పెట్టుకోవడమే బడ్జెట్‌ని పాడుచేస్తుంది, 2025 మే 22న యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ తెరిచాక ఆ ఆశ ఇంకా పెరిగింది. అక్కడ ఒక కిటుకుంది: పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో గది తీసుకుంటే, పార్కు టికెట్ ఉన్నవాళ్లకు క్యూ తగ్గించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోనే వస్తుంది, చెక్ ఇన్ రోజుకీ చెక్ అవుట్ రోజుకీ కూడా. ఒక్క రాత్రి గదికి రెండు రోజుల ఎక్స్‌ప్రెస్. నలుగురు ఐదుగురికి విడిగా కొనేదానికంటే చాలాసార్లు ఇదే తక్కువ. ఎపిక్ యూనివర్స్‌కి మాత్రం అది పనిచేయదు.

సెప్టెంబరు చవకంటున్నారు, మరి తుఫాన్లు?

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్, చవకగా ఉండడానికి అది ఒక కారణం. 2024 అక్టోబరులో మిల్టన్ తుఫాను వచ్చినప్పుడు పార్కులు మూసేశారు. ఓర్లాండో ప్రాంతానికి గానీ మీ ఇల్లున్న ఊరికి గానీ మీ ప్రయాణానికి ఏడు రోజుల లోపు హరికేన్ హెచ్చరిక వస్తే, నేరుగా డిస్నీ దగ్గర బుక్ చేసినవి ఫీజు లేకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. విమానం, బయటి హోటల్ దానికిందకి రావు, అందుకే ఆ నెలల్లో రద్దు చేసుకోగలిగేవే బుక్ చేయండి.

పార్కు లేని రోజు ఏం చేయాలి?

డిస్నీ షాపింగ్ ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్‌లో ప్రవేశం ఉచితం. మోనోరైల్, తీగలమీద నడిచే స్కైలైనర్ ఎక్కడానికి టికెట్ అడగరు. పాలినేషియన్ హోటల్ దగ్గర ఒడ్డునుంచి మ్యాజిక్ కింగ్డమ్ ఫైర్‌వర్క్స్ కనిపిస్తాయి, రాత్రి సరస్సుమీద ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్ అనే దీపాల ఊరేగింపు వెళ్తుంది. లేదంటే హోటల్ స్విమ్మింగ్ పూల్. పిల్లలు పూల్‌లో ఎంత సంతోషంగా ఉంటారో చూస్తే, ఆ రోజుకి టికెట్ కొననందుకు చింత ఉండదు.

బొమ్మలు, టీషర్టుల దగ్గర పేచీ వస్తే?

పిల్లలకు ఖర్చు సంగతి ముందే చెప్పండి, దాచిపెట్టి షాపులో కసురుకోవడం కంటే అదే మర్యాద. ఒక్కొక్కరికీ ఒక గిఫ్ట్ కార్డు ఇచ్చి "ఇది నీది, ఏం కొనాలో నువ్వే చూసుకో" అంటే ఏడేళ్ల పిల్లలు కూడా చాలా జాగ్రత్తగా ఆలోచిస్తారు. చివరి రోజే కొనాలని ఒక మాట అనుకుంటే మొదటి షాపులోనే డబ్బు అయిపోదు.

ఈఎంఐలోనో క్రెడిట్ కార్డుమీదనో వెళ్లొచ్చా?

నెలాఖరుకి మొత్తం కట్టేయగలిగితే కార్డు వాడండి. వడ్డీ మీద అయితే వద్దు. ఇంటిల్లిపాదికీ వైద్యం, చదువు, ఇంటి అద్దె ముందున్నప్పుడు దీనికి అప్పు తేవడం నాకు ఏ లెక్కన చూసినా సరిగా తోచదు. పక్కింటి పిల్లలు వెళ్లొచ్చారని మీ పిల్లలు అడిగినా సరే. ఒక సంవత్సరం వాయిదా వేస్తే పిల్లలు బాధపడతారు, అది నిజం, ఆ బాధని తేలిగ్గా తీసుకోమని నేననను, కానీ తేదీ చెప్పి వాయిదా వేస్తే వాళ్లు ఎదురుచూస్తారు.

అసలు ఓర్లాండో కాకుండా ఇంకెక్కడికైనా?

తప్పకుండా ఆలోచించండి. పెన్సిల్వేనియాలో ఎలీస్‌బర్గ్ దగ్గర కనోబెల్స్ (Knoebels) అని 1926 నుంచి ఉన్న పార్కు ఉంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, ఎక్కిన రైడ్‌కే డబ్బు. రైడ్లు ఎక్కని పెద్దవాళ్లు వెంట ఉన్న ఇళ్లకు దీన్ని మించింది లేదు. ఇండియానాలో శాంటాక్లాజ్ అనే ఊళ్లో హాలిడే వరల్డ్ ఉంది, అక్కడ టికెట్‌తోనే రోజంతా కూల్ డ్రింకులు, సన్‌స్క్రీన్, పార్కింగ్ ఉచితం. దగ్గర్లో ఉన్నవాళ్లు కారులో వెళ్లి ఒకటి రెండు రోజుల్లో తిరిగి రావొచ్చు కాబట్టి విమానం టికెట్లు, వారం రోజుల హోటల్ రెండూ తప్పుతాయి. రెండూ చలికాలంలో మామూలుగా నడవవు, వసంతం, శరదృతువుల్లో కూడా కొన్ని రోజులే తెరుస్తారు, బయల్దేరే ముందు వాళ్ల క్యాలెండర్ చూసుకోండి.